వడ్డీ గొడవ: వినియోగదారుల కమిషనా, సివిల్ కోర్టా?

నూటికి ఐదు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 60 శాతం. ఇంత గుంజేవాడి మీద వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయొచ్చా అని అడిగేవాళ్లు చాలామంది. వడ్డీ ఎంత అన్నదాన్ని బట్టి తేలే విషయం కాదిది. ముందు అప్పిచ్చింది ఎవరో చూసుకోవాలి.

ఊళ్లో తెలిసినాయన నోటు రాయించుకుని ఇచ్చిన డబ్బయితే, మామూలుగా అది వినియోగదారుల చట్టం చెప్పే 'సేవ' కిందికి రాదు. దానికి చోటు సివిల్ కోర్టే. అలాగని నోటు మీద ఎంత వడ్డీ ఉంటే అంతకీ డిక్రీ ఇచ్చేయాలనేం లేదు. ఆంధ్ర ప్రాంతంలో 1918 నాటి అధిక వడ్డీ రుణాల చట్టం ఉంది. వడ్డీ మితిమీరిందని, బేరం అన్యాయమని తేలితే జడ్జి పాత లెక్కంతా తిరగదోడి వడ్డీ తగ్గించొచ్చు. తెలంగాణలో నిజాం కాలపు 1349 ఫస్లీ చట్టం ప్రకారం, వడ్డీ వ్యాపారం చేసేవాడికి లైసెన్సు లేకపోతే దావా కొట్టేస్తారు. ఎప్పుడో ఒకసారి చేబదులిచ్చినాయన మాత్రం ఆ లెక్కలో వ్యాపారి కాదు.

బ్యాంకు దగ్గరికొచ్చేసరికి కథ తిరగబడుతుంది. సాగు అప్పుల సంగతి పక్కన పెడితే, వడ్డీ మరీ ఎక్కువన్న కారణంతో కోర్టు బ్యాంకు లెక్కను తిరగదోడకుండా బ్యాంకింగ్ నియంత్రణ చట్టంలోని 21ఎ సెక్షన్ అడ్డుపడుతుంది. ఊరి వడ్డీ వ్యాపారికి లేని రక్షణ బ్యాంకుకి ఉందన్నమాట. నాకైతే విడ్డూరమే. కానీ బ్యాంకు చేసేది సేవే కాబట్టి, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద దాని తీరు మీద కేసు వేయొచ్చు. ఉదాహరణకి ఇంటి లోన్ తీరిపోయాక దస్తావేజులు 30 రోజుల్లో తిరిగివ్వాలి. తన వల్ల ఆలస్యమైతే రోజుకి 5,000 రూపాయలు బ్యాంకే కట్టాలని ఆర్‌బీఐ 2023లో చెప్పింది.

ఇలాంటివాటికి నేనైతే ముందు బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్ వైపే మొగ్గుతాను. పైసా ఖర్చు లేదు. ముందు బ్యాంకుకి రాసి 30 రోజులు ఆగాలి, అంతే. కమిషన్‌కి వెళ్లాలంటే రెండేళ్ల లోపు వెళ్లాలి. వ్యాపారానికి తీసుకున్న ఓవర్‌డ్రాఫ్ట్ అయితే 'మీరసలు వినియోగదారులే కాదు' అని బ్యాంకు లాయరు మొదటి వాయిదాకే లేస్తాడు.

ఇంటి మీదికొచ్చి బెదిరిస్తే ఇవేవీ కాదు, పోలీస్ స్టేషనే.

నోటు అప్పులో చట్టం కన్నా ముందు నోటు వెనక్కి తిప్పి చూడాలి. కట్టిన ప్రతి రూపాయికీ అక్కడ తేదీతో చెల్లు పడాలి. నెలనెలా చేతికిచ్చిన వడ్డీకి సాక్ష్యం ఉండదు, ఫోన్‌పేలో పంపితే కనీసం ఆధారం మిగులుతుంది. ఇంకోటి, అప్పిచ్చినాయన దావా వేయడానికి ఉన్న మూడేళ్ల గడువులోగా ఆ చెల్లు కింద మీరు సంతకం పెడితే, ఆ గడువు ఆ రోజు నుంచి మళ్లీ మొదలవుతుంది.