కర్నూలు లారీ బానిహాల్ ఎక్కాలంటే ఏ టైరు మేలు?

కర్నూలు, అనంతపురం మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి జమ్మూ దాటాక బానిహాల్ కొండలెక్కి చివరికి శ్రీనగర్ చేరుతుంది. ఢిల్లీ ఆజాద్‌పూర్ మండీలో చీనీకాయలు దించిన లారీకి అక్కడి నుంచి ఇంకో 800 కిలోమీటర్లు పైకి పోతే యాపిల్ లోడు దొరుకుతుంది. ఆ యాపిల్ కోత సెప్టెంబరు నుంచి నవంబరు దాకా ఉంటుంది. 2019లో నవంబరు మొదటి వారంలోనే కాశ్మీరులో మంచు విపరీతంగా కురిసింది. అందుకని ఇంకా చలికాలం రాలేదు గదా అని వేసవి టైర్లతోనే పైకి పోవడం పొరపాటు.

మంచు అనే ఒక్క మాటనే మనం పొగమంచుకూ, కురిసే మంచుకూ, గడ్డకట్టినదానికీ వాడతాం. టైరుకు మాత్రం మూడూ వేరు వేరు. పొగమంచు డ్రైవరు కంటికి అడ్డం, టైరుకు కాదు. అప్పుడే కురిసిన మెత్తటి మంచులో లోతైన బటన్, అంటే టైరులో నేలను తాకే రబ్బరు దిమ్మలు, దిగబడి పట్టుకుంటుంది. గడ్డమంచులో దిగబడటానికి చోటే ఉండదు. పొడి తారు మీద టైరు పట్టు (ఘర్షణ గుణకం) 0.7, 0.8 దాకా ఉంటే, అణిగిపోయిన మంచు మీద 0.2, 0.3కు, గడ్డమంచు మీద 0.1కి పడిపోతుంది. అంటే తారు మీద బ్రేకు తొక్కాక 40 మీటర్లలో ఆగే లారీ గడ్డమంచు మీద అదే వేగంలో 300 మీటర్లు జారుతుంది. మైనస్ 10 దగ్గర కన్నా సున్నా దగ్గర ఇంకా ప్రమాదం. అప్పుడు గడ్డ పైన సన్నటి నీటి పొర నిలుస్తుంది. వంతెనల మీదా, సొరంగం బయట నీడపట్టునా తెల్లవారుజామున ఇదే జరుగుతుంది.

ఇప్పుడు టైర్ల దగ్గరికి వద్దాం. మన లారీలకు మామూలుగా ముందు రిబ్ (చుట్టూ నిలువు గాళ్లున్నది), వెనక హౌసింగ్‌కు, అంటే ఇంజను తిప్పే డ్రైవ్ యాక్సిల్‌కు, లగ్ (అడ్డంగా లోతైన సందులున్నది) ఉంటాయి. మెత్తటి మంచులో లగ్ బాగానే లాగుతుంది, ఆ లోతైన సందులు మంచును పట్టి వెనక్కి నెడతాయి. గడ్డమంచు మీద ఆ లగ్గే రిబ్ కన్నా కొరగాకుండా పోతుంది. పెద్ద పెద్ద గట్టి దిమ్మలు, వాటి మీద సన్నటి గాట్లు లేవు, నేలను తాకే రబ్బరు తక్కువ. పైగా వెనక లగ్ ఎంత మంచిదైనా స్టీరింగ్ తిప్పేది ముందున్న రిబ్ టైరే. లాగుడు బాగుందని ధైర్యం చేసి, మలుపులో ముందు చక్రాలు నేరుగా జారిపోయి లోయ వైపు పోవడం ఇట్లాగే జరుగుతుంది.

బటన్ నమూనా కన్నా ముఖ్యమైనది రబ్బరు. మన ఎండకు తట్టుకునేలా చేసిన రబ్బరు 7 డిగ్రీల కింద బిగుసుకోవడం మొదలెడుతుంది. రాత్రంతా చలిలో నిలిపిన లారీ టైరు మీద పొద్దున గోరు గుచ్చి చూడండి, ఇంటి దగ్గర దిగినంత దిగదు. రోడ్డు మీది గరుకులోకి ఒదగని రబ్బరు జారక ఏం చేస్తుంది?

అసలైన మంచు టైరు ఈ రెండు లోపాలనూ సరిచేస్తుంది. రబ్బరు మెత్తన, దిమ్మల నిండా సన్నటి కత్తిగాట్లు. కొనేటప్పుడు పక్కగోడ మీద మూడు శిఖరాల కొండ, మధ్యలో మంచురేకు ఉన్న గుర్తు చూడాలి. అది మంచు మీద పరీక్షించి ఇచ్చే గుర్తు. 'ఎం ప్లస్ ఎస్' (మడ్, స్నో) అక్షరాలు మాత్రమే ఉంటే అది బటన్ నమూనా గురించి కంపెనీ చెప్పుకునే మాట మాత్రమే. జర్మనీలో 2020 జులై నుంచి మంచు రోడ్ల మీద లారీల డ్రైవ్ యాక్సిల్‌తో పాటు ముందు యాక్సిల్‌కూ మంచుకాలపు టైర్లు తప్పనిసరి చేశారు. వెనక మాత్రమే వేస్తే సగం పనే అయినట్టు.

అయితే లెక్క చూడండి. కర్నూలు నుంచి శ్రీనగర్ దాదాపు 2,600 కిలోమీటర్లు. అందులో మంచు తగిలేది రాంబన్ దాటాక చివరి వంద, నూట యాభై. రానూపోనూ 5,200లో మంచు మహా అయితే 300. మిగతా దారంతా ఆ మెత్తటి రబ్బరు వేడి తారు మీద అరుగుతూనే ఉంటుంది. ఏప్రిల్లో బేతంచెర్ల నాపరాయి ఎత్తుకుని 42 డిగ్రీల్లో తిరిగితే ఇంకా తొందరగా పోతుంది. పైగా మన దగ్గర లారీ సైజులో అది అడగ్గానే దొరికే సరుకు కాదు. అందుకే ఏడాదికి ఒకటి రెండు ట్రిప్పులు పోయే బండికి మంచు టైరు దండగ. నవంబరు నుంచి మార్చి దాకా బండిని జమ్మూ, శ్రీనగర్ మధ్యనే తిప్పేవాళ్లకు అదే సరైనది, అప్పుడు వెనకాడకుండా ముందువి రెండు, డ్రైవ్ యాక్సిల్‌వి నాలుగు, ఆరూ మార్చాలి.

అరిగాక పైన కొత్త బటన్ వేయించిన (రీట్రెడ్) టైర్లు ఈ దారికి ముందు యాక్సిల్ మీద అసలు వద్దు. వెనక వాడొచ్చు గానీ, అతుకు అంచు లేచి ఉంటే మంచులో టైరుకు చుట్టే ఇనుప గొలుసు ఆ అంచునే పట్టి చీలుస్తుంది. ఇక నైలాన్, రేడియల్ టైర్లు ఒకే యాక్సిల్ మీద కలపకూడదన్నది ఎక్కడైనా ఒకటే. అరుగుదల సంగతికి వస్తే, మన చట్టం 1.6 మిల్లీమీటర్ల దాకా ఒప్పుకుంటుంది. ఆస్ట్రియాలో లారీ మంచు టైరు రేడియల్ అయితే 5, నైలాన్ తరహాదైతే 6 మిల్లీమీటర్ల కింద పనికిరాదంటారు. ఆ లెక్కే పట్టుకోండి.

మన బండికి సరైన జవాబు గొలుసులు. మంచి లోతున్న మామూలు టైర్లు, వాటితో పాటు డ్రైవ్ యాక్సిల్‌కు రెండు వైపులా ఒక జత గొలుసులు. గడ్డమంచు మీద మంచు టైరు కన్నా ఇనుమే బాగా కొరుకుతుంది. కొనేముందు పక్కగోడ మీది సైజు ఉన్నదున్నట్టు రాసుకుపోవాలి. వదులైన గొలుసు తిరుగుతూ బ్రేకు గొట్టాన్ని కొడుతుంది. ఇంటి దగ్గరే ఎండలో ఒకసారి వేసి తీసి చూడాలి. మంచులో వేళ్లు కొంకర్లు పోతున్నప్పుడు నేర్చుకునే పని కాదది.

వేసేటప్పుడు చదునైన చోట, మంచు మొదలవక ముందే ఆపాలి. హ్యాండ్ బ్రేకు వేసి చక్రాల కింద రాయి పెట్టాలి. మెలికలు లేకుండా పరిచి, కొక్కేల మొనలు రబ్బరుకు తగలకుండా బయటి వైపు చూసేలా టైరు మీద కప్పాలి. రాళ్లు తీసి, బండిని అర చుట్టు ముందుకు కదిపి మళ్లీ రాళ్లు పెడితే కొసలు చేతికందుతాయి. లోపలి కొక్కెం ముందు, బయటిది తర్వాత. బిగించాక 200, 300 మీటర్లు పోయి ఆపి మళ్లీ బిగించాలి, ఎందుకంటే గొలుసు సర్దుకుని తప్పకుండా వదులవుతుంది. వేగం 30, 40 దాటొద్దు. తారు కనబడగానే విప్పేయాలి. పొడి రోడ్డు మీద అడ్డగొలుసులు తెగి మడ్‌గార్డునూ బ్రేకు గొట్టాలనూ చీలుస్తాయి. గడ్డమంచు మీద ఎగ్జాస్ట్ బ్రేకు (ఇంజను పొగను అడ్డుకుని వేగం తగ్గించేది) వాడొద్దు, అది వెనక చక్రాలనే పట్టేస్తుంది. లిఫ్ట్ యాక్సిల్ ఉన్న బండిలో లోడు ఒప్పుకుంటే దాన్ని ఎత్తి, బరువు డ్రైవ్ యాక్సిల్ మీద పడనివ్వాలి. ఖాళీ బండి నిండు బండి కన్నా ఎక్కువ జారుతుంది.

గాలి విషయంలో చాలామంది తప్పు చేస్తారు. పెన్న ఇసుకలో దిగబడితే గాలి తగ్గించినట్టు ఇక్కడా తగ్గిస్తారు. చలే ఆ పని చేసేసి ఉంటుంది. 32 డిగ్రీల్లో 120 పీఎస్ఐ కొట్టించిన టైరు మైనస్ 5లో 104 దగ్గరకు దిగుతుంది. ఎత్తు వల్ల ఓ మూడు తిరిగొస్తుంది, అంతే. ఇంకా తీస్తే లోడు కింద పక్కగోడలు నలిగి, గొలుసు వదులవుతుంది. పైన చలిలో నింపుకున్న గాలి కిందికి దిగొచ్చాక ఎక్కువైపోతుంది కాబట్టి, మైదానానికి వచ్చాక టైరు చల్లబడ్డాక కొలిచి తగ్గించుకోవాలి. జోడీ టైర్లలో రెండింటి గాలీ విడివిడిగా చూడాలి, లోపలిది ఎవరూ చూడరు.

ఖాజీగుండ్, బానిహాల్ మధ్య 8.45 కిలోమీటర్ల కొత్త సొరంగం 2021లో తెరిచాక పాత జవహర్ సొరంగం కన్నా 400 మీటర్లు కిందుగానే కొండ దాటొచ్చు, మంచు గోల కొంత తగ్గింది. అయినా దారి చెడినప్పుడు ట్రాఫిక్ పోలీసులు పెద్ద బండ్లను ఉధంపూర్ దగ్గర జఖానీలో, అటు ఖాజీగుండ్‌లో నిలిపేస్తారు. జఖానీలో ఆగిన ఆ గంటలు నిద్రకే పోనివ్వకుండా, గేజ్ పెట్టి అన్ని టైర్ల గాలీ చూసుకుని, గొలుసుల సంచీని లోడు కింది నుంచి తీసి క్యాబిన్‌లో పెట్టుకోవాలి.