ఫైల్‌సిస్టమ్ రేసుల వేటలో కెమెమ్‌లీక్: దీర్ఘకాల వాడకం తర్వాత సమీక్ష

కెమెమ్‌లీక్ అంటే లినక్స్ కెర్నల్‌లో (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయలో) విడుదల కాకుండా మిగిలిపోయే మెమరీని, అంటే లీకులను, వెతికిపెట్టే సాధనం. 2009లో లినక్స్ 2.6.31తో కెర్నల్‌లోకి వచ్చిన దీన్ని నేను ఏళ్లుగా వాడుతున్నాను. రెండు థ్రెడ్‌లు (ఏకకాలంలో నడిచే పనులు) ఒకే చోట పోటీపడినప్పుడు, అంటే రేసు జరిగినప్పుడు, ఫైల్‌సిస్టమ్‌లో జారిపోయే మెమరీని పట్టుకోవడమే నాకు దీనితో ప్రధానమైన పని. పోయిన మెమరీని ఎక్కడ కేటాయించారో ఇది చెబుతుంది. ఎవరు పోగొట్టారో మాత్రం చెప్పదు. ఆ రెండో సంగతిని మనమే తేల్చుకోవాలని తెలిసి వాడేవారికి ఇది ఎంతో విలువైన సాధనం.

కెర్నల్ చిన్న చిన్న మెమరీ ఖండాలను పంచే స్లాబ్ నుంచి తీసుకున్న ఖండాలను ఇది నమోదు చేసుకుంటుంది. మామూలుగా 10 నిమిషాలకోసారి మెమరీనంతా వెతికి, ఏ పాయింటరూ (మెమరీ చిరునామా) చూపించని ఖండాల చిట్టాను డీబగ్‌ఎఫ్‌ఎస్‌లో (కెర్నల్ లోపలి వివరాలను ఫైళ్లుగా చూపే చోట) ఉంచుతుంది. పాయింటరు ఖండం మొదటికి కాక మధ్యకు చూపినా దాన్ని లెక్కలోకి తీసుకుంటుంది కాబట్టి, నిర్మాణాల లోపల లింకులు పొదిగే కెర్నల్ పద్ధతి దీన్ని తికమకపెట్టదు.

నేను చూసిన లీకుల్లో ఒకదాన్ని వివరిస్తాను. ఐనోడ్‌కు (ఒక్కో ఫైలు వివరాలను కెర్నల్ దాచుకునే నిర్మాణానికి) సంబంధించిన అదనపు సమాచారాన్ని ఫైలు మొదటిసారి తెరిచినప్పుడే సిద్ధం చేసే కోడ్ అది. పాయింటరు ఖాళీగా ఉందని రెండు థ్రెడ్‌లు ఒకేసారి చూస్తాయి, రెండూ కేటాయిస్తాయి, రెండూ రాస్తాయి. రెండో రాత మొదటిదాన్ని చెరిపేస్తుంది. ఫైలు సవ్యంగా చదవబడుతుంది, ఏ పరీక్షా విఫలం కాదు, స్లాబ్ మాత్రం పెరుగుతూ పోతుంది. నివేదికలో స్టాక్ ట్రేస్‌తో (కేటాయింపు దాకా వచ్చిన ఫంక్షన్ల వరుసతో) పాటు ఖండంలోని మొదటి 32 బైట్లు కూడా కనిపిస్తాయి. నాకు దారి చూపినవి ఆ బైట్లే. అందులోని ఫీల్డులన్నీ సరిగ్గా నిండి ఉన్నాయి. దోషం వచ్చి మధ్యలో వెనుదిరిగే దారిలో పోయిన ఖండమైతే సగమే నిండి ఉండేది. ఐనోడ్‌ను తొలగించే చోట విడుదల కూడా సరిగానే ఉంది. ఇక మిగిలింది, పూర్తిగా తయారైన వస్తువు మీద మరొకటి వచ్చి కూర్చోవడమే.

పాయింటరును చూసే వరుసకూ, రాసే వరుసకూ నడుమ చిన్న నిద్ర (కావాలని పెట్టే ఆలస్యం) పెడితే లీకు వెంటనే బయటపడింది. రాసే ముందు పాయింటరును మరోసారి చూసుకుంటే చాలని తోస్తుంది కానీ, దానివల్ల సందు ఇరుకవుతుందే తప్ప మూసుకుపోదు. పైగా నివేదికలు ఆగిపోయి, పని అయిపోయిందనే భ్రమ కలుగుతుంది. కెర్నల్‌లో ఫైళ్ల ఎన్‌క్రిప్షన్, సమగ్రత పరీక్షలు చూసే ఎఫ్‌ఎస్‌క్రిప్ట్, ఎఫ్‌ఎస్‌వెరిటీలు అనుసరించిన దారినే నేనూ పట్టాను: కంపేర్-ఎక్స్చేంజ్‌తో (పాయింటరు ఇంకా ఖాళీగా ఉంటేనే ఒకే అవిభాజ్య చర్యలో రాసే పద్ధతితో) ఒక్కరే గెలిచేలా చేసి, ఓడినవారు తమ ఖండాన్ని తామే విడుదల చేసి గెలిచినవారిదాన్ని వాడుకోవాలి. మెమరీ రాతలు ఇతర సీపీయూలకు సరైన వరుసలో కనిపించేలా చూసే నియమాలు, అంటే రాసే వైపు రిలీజ్ క్రమం, చదివే వైపు అక్వైర్ క్రమం, లేకపోతే సగం నిండిన నిర్మాణం మరో సీపీయూకు కనిపించవచ్చు. సవరణ తర్వాత ఆ నిద్రను అలాగే ఉంచి మళ్లీ పరీక్షించాలని గట్టిగా చెబుతాను. అది లేనప్పుడు కెమెమ్‌లీక్ మౌనం రుజువు కాదు.

దీని పరిమితులు చిన్నవేమీ కావు. రిఫరెన్స్ లెక్క (ఎందరు వాడుతున్నారనే లెక్క) తప్పి మిగిలిపోయిన ఐనోడ్ ఇంకా కెర్నల్ ఐనోడ్లను వెతుక్కునే హాష్ పట్టికలోనే ఉంటుంది కాబట్టి ఇది దాన్ని లీకుగా చూడదు. అన్‌మౌంట్ వేళ వచ్చే బిజీ ఐనోడ్ల హెచ్చరికే అక్కడ దిక్కు. మెమరీని పెద్ద పేజీలుగా పంచే పేజీ అలొకేటర్ నుంచి నేరుగా తీసుకున్న పేజీలనూ ఇది గమనించదు. ప్రతి కేటాయింపునూ నెమ్మదింపజేయడం వల్ల కొన్ని రేసులు మరుగున పడతాయి. అందుకే 2020లో లినక్స్ 5.8తో వచ్చిన, డేటా రేసులను పట్టే కేసీశాన్‌ను మరో బిల్డ్‌లో నడుపుతాను. పోటీపడిన ఇద్దరి స్టాక్‌లనూ అది పక్కపక్కనే చూపగలదు.

ఫైల్‌సిస్టమ్ పరీక్షల సమాహారమైన ఎక్స్‌ఎఫ్‌ఎస్‌టెస్ట్స్ వాడేవారు అందులోని కెమెమ్‌లీక్ అమరికను ఆన్ చేసుకుంటే ప్రతి పరీక్ష తర్వాతా స్కాన్ జరుగుతుంది. అయితే బూట్ తొలిదశలో దీని మెమరీ పూల్ (తన నమోదులకు ముందే కేటాయించుకున్న చోటు) అయిపోతే ఇది తనంతట తానే ఆగిపోతుంది, మళ్లీ రీబూట్ చేసేదాకా లేవదు. కాబట్టి పరీక్షలు మొదలుపెట్టే ముందు కెర్నల్ లాగ్‌లో అలా ఆగిపోయినట్టు చెప్పే సందేశం లేదని చూసుకోవాలి, అవసరమైతే కన్ఫిగ్‌లో పూల్ పరిమాణం పెంచుకోవాలి.