పల్లెకు పంటి వైద్యం: బండి పంపడం మేలా, కుర్చీ వేయడం మేలా?

మొన్న మా వాచ్‌మన్ వాళ్ల అత్తమ్మ నాగర్‌కర్నూల్ దగ్గరి పల్లె నుంచి వచ్చింది. బుగ్గ వాచి ఉంది, దవడలో లవంగం పెట్టుకుంది. కొంగు ముడి విప్పి ఓ చీటీ చూపించింది. నాలుగు నెలల కింద ఊరికొచ్చిన దంత వైద్యుల బండిలో రాసిచ్చారట. 36 అంకె చుట్టూ పెన్నుతో సున్నా, పక్కన ‘రూట్ కెనాల్’. ఎడమ వైపు కింది దవడ పన్ను అది. బండి మళ్లీ రాలేదు.

ఇక్కడ హైదరాబాద్‌లో వీధికో డెంటల్ క్లినిక్. పల్లెవాళ్లకు ఉన్నవి మూడు దారులు: ఊరికి బండి రావాలి, దగ్గరి సర్కారు దవాఖానాలో కుర్చీ ఉండాలి, లేదంటే వాళ్లే పట్నం రావాలి.

అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత వైద్యశాల ఎంజీబీఎస్‌లో బస్సు దిగి నడిచిపోయేంత దూరమే. 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టూ లేదు. మరి ఇబ్బందేమిటని అడిగాను. “పీకిస్తే ఒక్క దినంల అయిపోతది బిడ్డా. మూడు మాట్ల రమ్మంటే కూలి ఎవరిస్తరు?” అంది. రూట్ కెనాల్‌కు చాలాసార్లు రెండు మూడు విడతలు కూర్చోవాలి, ఆపైన క్యాప్. బస్సు ఉచితమైనా రోజు కూలి పోతుంది కదా. నిలబెట్టుకోగల పన్నును అలా పీకించేసుకుంటున్నారు, నాకు బాధ అక్కడే.

పెద్దల విషయంలో బండి మీద నాకు నమ్మకం తక్కువ. వరుసలో నిలబెట్టి చూస్తారు, గార తీస్తారు, చీటీ రాస్తారు. పన్ను పీకాక రాత్రి నెత్తురు ఆగకపోతే ఎవరి దగ్గరికి పోవాలి? బడి పిల్లలకైతే బండే మేలు. ఆరేళ్లకు వచ్చే దవడ పన్ను శాశ్వతమైనది. పాలపన్నే, ఊడిపోతుందిలే అని వదిలేస్తారు. ఈమె చీటీలోని 36 సరిగ్గా ఆ పన్నే! దాని గుంతలను ముందే సీలెంట్ అనే పూతతో పూడిస్తే పుచ్చే ముప్పు బాగా తగ్గుతుంది. పుచ్చిన పాలపళ్లకు సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్ అనే ద్రవ మందు పూస్తే పుచ్చు చాలావరకు ఆగుతుంది, డ్రిల్లు పెట్టనక్కర్లేదు. పుచ్చిన చోటు నల్లబడుతుంది, అది తల్లులకు ముందే చెప్పాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఈ మందును అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది.

పెద్దలకు మాత్రం నా ఓటు కుర్చీకే. అయితే కుర్చీ ఒక్కటి వేస్తే పని కాదు. కంప్రెసర్, శుభ్రమైన నీళ్లు, పరికరాలను ఆవిరితో శుద్ధి చేసే ఆటోక్లేవ్, డాక్టరు, చేతి కింద ఒక మనిషి కావాలి. ఒక దవాఖానాలో కంప్రెసర్ చెడిపోయి, కుర్చీ మీద మందుల అట్టపెట్టెలు పేర్చి ఉండడం నేను చూశాను. అందుకే ప్రతి చిన్న కేంద్రంలో కాకుండా సామాజిక ఆరోగ్య కేంద్రాల్లో వేసి, వారానికి రెండు రోజులు ఖాయం చేస్తే చాలు. అందులో ఒకటి సంత రోజు కావాలి. కూరగాయలు అమ్మడానికి ఎలాగూ వస్తారు, రెండో విడత, మూడో విడత కూలి పోకుండా అయిపోతాయి.

ఒక్క విషయంలో మాత్రం బండి కోసమూ, సంత రోజు కోసమూ ఆగొద్దు. గుట్కా, పొగాకు నమిలేవాళ్ల నోట్లో తెల్ల మచ్చ కనిపించినా, పుండు రెండు వారాలకు మానకపోయినా, కూలి పోతే పోయింది, నేరుగా అఫ్జల్‌గంజ్ బస్సెక్కాలి.