బంగారమా, లిపిడా, డీఎన్ఏ ఒరిగామీనా? నానో-బయో పరిశోధనకు ఏది మేలు?

నానోటెక్నాలజీ, బయాలజీ కలిసిన ల్యాబ్‌లో పీహెచ్‌డీకి చేరేవాళ్లకు మొదటి టెన్షన్ ఒకటే: ఏ పదార్థం మీద పనిచేయాలి? ఫిజిక్స్, కెమిస్ట్రీ నుంచి వచ్చినవాళ్లకైతే నా ఓటు బంగారు నానోరేణువులకే.

ఎందుకంటే బంగారం తప్పును దాచదు. సిట్రేట్ అనే లవణంతో చేసిన 15 నానోమీటర్ల రేణువుల ద్రావణం ముదురు ఎరుపులో ఉంటుంది. అందులో కాస్త ఉప్పునీరు పడితే చాలు, రేణువులు ఒకదానికొకటి అంటుకుపోయి రంగు ఊదాకు, ఆపై నీలానికి తిరుగుతుంది. జీవకణాలను పెంచే మీడియంలోనూ (పోషక ద్రవంలోనూ) ఉప్పులుంటాయి. పైపూత సరిగా లేకపోతే రేణువులు కణం దాకా చేరకముందే ముద్దకట్టొచ్చు. ఆ సంగతి మైక్రోస్కోప్ అక్కర్లేకుండా కంటికే తెలిసిపోతుంది. ఫారడే 1857లోనే ఈ రంగుల గురించి రాశాడు. ప్రెగ్నెన్సీ టెస్ట్ స్ట్రిప్ మీద కనిపించే ఎర్రగీత కూడా చాలావరకు ఈ బంగారమే.

మందు చేయాలంటే మాత్రం బంగారం వెనకబడుతుంది. ఒంట్లో సులువుగా కరగదు, కాలేయంలో చాలాకాలం ఉండిపోతుంది. మందుల విషయంలో లిపిడ్‌దే, అంటే కొవ్వులాంటి పదార్థంతో చేసిన నానోరేణువులదే పైచేయి. 2018లో పాటిసిరాన్ అనే మందు, తర్వాత ఫైజర్-బయోఎన్‌టెక్, మోడెర్నా కోవిడ్ టీకాలు లోపల ఆర్‌ఎన్‌ఏను మోసే ఇలాంటి రేణువులతోనే వచ్చాయి. ఇందులో అసలు పనితనమంతా అయనైజబుల్ లిపిడ్‌దే. రక్తంలో, అంటే పీహెచ్ 7.4 దగ్గర, దాదాపు తటస్థంగా ఉంటుంది. కణం మింగాక ఎండోజోమ్‌లోని (మింగినవాటిని కణం ఉంచే సంచిలోని) ఆమ్లం తగలగానే పాజిటివ్ చార్జ్ తెచ్చుకుని పొరను చెదరగొడుతుంది, ఆర్‌ఎన్‌ఏ బయటపడుతుంది. అలా బయటపడేది కొద్ది భాగమే. కొత్తవాళ్లు చేయగలిగే పని ఇంకా మిగిలి ఉన్నదీ అక్కడే. చిక్కల్లా ఒకటి, లిపిడ్ రంగు మారి ఏమీ చెప్పదు. లోపలి నిర్మాణం చూడాలంటే నమూనాను గడ్డకట్టించి చూసే క్రయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కావాలి, అది పక్క డిపార్ట్‌మెంట్‌దైతే క్యూ తప్పదు.

డీఎన్ఏ ఒరిగామీ చూడముచ్చటగా ఉంటుంది. 2006లో పాల్ రోత్‌మండ్ అనే శాస్త్రవేత్త ఎం13 వైరస్ పొడవాటి డీఎన్ఏ పోగును రెండొందలకు పైగా చిన్న పోగులతో మడిచి, 100 నానోమీటర్ల నవ్వుముఖాలు చేశాడు. ఏ ప్రొటీన్ ఎక్కడ కూర్చోవాలో నానోమీటర్ల లెక్కన నిర్ణయించడంలో మిగతా రెండూ దీనికి సాటిరావు. కానీ మెగ్నీషియం తగ్గితే విడిపోవచ్చు, రక్తంలోని న్యూక్లియేజ్‌లు (డీఎన్ఏను తెగ్గొట్టే ఎంజైములు) కొరికేస్తాయి. కణం మీద సంకేతాలు అందుకునే రెండు రిసెప్టర్ల మధ్య ఎంత దూరం ఉంటే కణం స్పందిస్తుంది లాంటి ప్రశ్నకు ఇది భేష్. ఒంట్లోకి పంపాలనుకుంటే పైపూతలకే ఏళ్లు పట్టొచ్చు. బయాలజీ నుంచి వచ్చి, త్వరగా జంతు ప్రయోగాల దాకా వెళ్లాలనుకునేవాళ్లు దీని జోలికి పోకుండా లిపిడ్ తీసుకోవడమే నయం.

ఏది ఎంచుకున్నా, మొదటి కణ ప్రయోగానికి ముందే ఎండోటాక్సిన్ పరీక్ష చేయించండి. బ్యాక్టీరియా మిగిల్చిన ఆ మలినానికి రోగనిరోధక కణాలు రెచ్చిపోతే, అది నానోరేణువు ప్రభావమేనని పేపర్ రాసేసే ప్రమాదముంది. ఎం13 పెరిగేది ఈ.కోలై బ్యాక్టీరియాలో కాబట్టి ఒరిగామీవాళ్లు మరీ జాగ్రత్తపడాలి.