గుటెన్‌బర్గ్ ఊరి నుంచి బెర్లిన్ గోడ దాకా: ఎక్కడ ఆగాలి, ఏది వదిలేయొచ్చు

యూరప్ ట్రిప్ అనగానే మనవాళ్లు పారిస్, స్విట్జర్లాండ్ అంటారు. చరిత్ర పిచ్చి ఉన్నవాళ్లకి ఒక్క జర్మనీ చాలని నా అభిప్రాయం. ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగి మైన్జ్, వోర్మ్స్, లైప్జిగ్, విట్టెన్‌బర్గ్ చూసుకుంటూ బెర్లిన్ చేరితే అచ్చుయంత్రం, మత సంస్కరణ, నెపోలియన్ ఓటమి, బెర్లిన్ గోడ అన్నీ ఒకే దారిలో తగులుతాయి.

ఫ్రాంక్‌ఫర్ట్ ఎయిర్‌పోర్ట్ నుంచి మైన్జ్‌కి లోకల్ రైల్లో అరగంట. యూరప్‌లో అచ్చుయంత్రం కనిపెట్టిన గుటెన్‌బర్గ్ ఊరు ఇదే. ఆయన పేరు మీదున్న మ్యూజియానికి కొత్త భవనం కడుతున్నారు కాబట్టి ప్రస్తుతానికి నేచురల్ హిస్టరీ మ్యూజియంలోకి మార్చారు, పాత అడ్రసుకి వెళ్లకండి. 1455 ప్రాంతంలో అచ్చయిన బైబిల్ ఇక్కడుంది. పేజీకి 42 లైన్లు, మొత్తం వేసింది 180 కాపీల దాకా. నల్ల అక్షరాలు అచ్చువే, ఎర్రవీ నీలివీ అయిన పెద్దక్షరాలు మాత్రం తర్వాత చేత్తో దిద్దినవి. ఆ రోజుల్లోనే ఇదే ఊళ్లో చర్చి అమ్మే పాపపరిహార పత్రాలు (డబ్బు కట్టి కొంటే పాపాలకి పడే శిక్ష తగ్గుతుందనేవారు) కూడా అచ్చేశారు. అరవై ఏళ్ల తర్వాత, మత సంస్కరణ మొదలుపెట్టిన మార్టిన్ లూథర్ ఎదురుతిరిగింది సరిగ్గా ఆ అమ్మకం మీదే, 1517 అక్టోబర్ 31న ఆయన ఉత్తరం రాసింది కూడా మైన్జ్ ఆర్చిబిషప్‌కే. ఆ ఆర్చిబిషప్ తన పదవి కోసం ఫుగ్గర్ అనే వడ్డీ వ్యాపారుల దగ్గర అప్పు చేశాడు, పత్రాల మీద వచ్చే డబ్బులో సగం ఆ అప్పుకే పోయేది. ఇది తెలుసుకుని వెళ్తే మిగతా ట్రిప్ అంతా వేరేగా కనిపిస్తుంది.

వోర్మ్స్‌కి పూట చాలు, కానీ మానొద్దు. 1521 ఏప్రిల్‌లో లూథర్ ఇక్కడే చార్లెస్ చక్రవర్తి ముందు నిలబడ్డాడు. చక్రవర్తికి అప్పటికి 21 ఏళ్లు. రాసినవన్నీ వెనక్కి తీసుకుంటావా అంటే లూథర్ ఒకరోజు గడువు అడిగి, మర్నాడొచ్చి తీసుకోనని చెప్పాడు. సభ జరిగిన బిషప్ భవనం ఇప్పుడు లేదు. ఆ చోట కేథడ్రల్ పక్క పార్కులో పెద్ద కంచు బూట్లు పెట్టారు, అందులో కాళ్లు పెట్టి నిలబడొచ్చు. పిల్లలు ఫొటోల కోసం క్యూ కడతారు గానీ, నాకు నచ్చింది. అక్కడి పాత యూదుల శ్మశానం కూడా చూడండి.

మకాం మాత్రం లైప్జిగ్‌లో పెట్టండి. విట్టెన్‌బర్గ్‌లో రాత్రి ఉండాల్సిన పని లేదు. మేము ఉన్న చిన్న లాడ్జిలో సాయంత్రానికే రిసెప్షన్ మూసేశారు, తాళం బయట డబ్బాలో ఉందని జర్మన్‌లో మెయిల్ పెట్టారు, లిఫ్ట్ లేదు, సూట్‌కేసులు మూడో అంతస్తు దాకా మోసుకోవాలి, పైగా చీకటి పడ్డాక ఊళ్లో తిండి దొరకడమే కష్టం. లైప్జిగ్ నుంచి లోకల్ రైల్లో గంట పైచిలుకు, పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగి రావొచ్చు. ఆ పత్రాల అమ్మకం మీద రాసిన 95 వాదాల్ని లూథర్ అంటించాడని చెప్పే చర్చి తలుపు 1760లో యుద్ధంలో కాలిపోయింది, ఇప్పుడున్నది 1858లో పెట్టిన కంచు తలుపు, అసలు అంటించాడా లేదా అన్నదే పండితులు తేల్చలేదు. దానికంటే ఊళ్లోని ఇంకో చర్చి గోడ మీద యూదుల్ని అవమానిస్తూ 13వ శతాబ్దంలో చెక్కిన శిల్పం, దాని కిందే నేల మీద 1988లో పెట్టిన స్మారక ఫలకం, ఈ రెండిటి దగ్గరే ఎక్కువసేపు ఉండిపోయాను.

లైప్జిగ్‌లో 1813 యుద్ధ స్మారకం 91 మీటర్ల నల్లటి గుట్టలా ఉంటుంది, పైదాకా 500 మెట్లు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఆలోచించుకోండి. దాదాపు 5 లక్షల మంది సైనికులు తలపడిన ఆ యుద్ధంలో ఓడిన నెపోలియన్ మర్నాటి ఏడాది గద్దె దిగాడు. కట్టడం భారీగా ఉంటుంది గానీ మనసుకి పట్టదు. నికోలాయ్ చర్చి అలా కాదు. లోపల స్తంభాలు కొబ్బరిచెట్లలా పైన ఆకులతో ఉంటాయి. 1989 అక్టోబర్ 9న ఇక్కడ ప్రార్థన అయ్యాక 70 వేల మంది తూర్పు జర్మనీ కమ్యూనిస్టు ప్రభుత్వానికి వ్యతిరేకంగా వీధుల్లోకి వచ్చారు, పోలీసులు కాల్చలేదు, నెల తిరగ్గానే బెర్లిన్ గోడ తెరుచుకుంది. ఆ సోమవారం ప్రార్థనలు ఇప్పటికీ సాయంత్రం 5 గంటలకి జరుగుతాయి, ఎవరైనా వెళ్లి కూర్చోవచ్చు.

బెర్లిన్‌లో చెక్‌పాయింట్ చార్లీ (గోడ ఉన్న రోజుల్లో అటూ ఇటూ దాటే చెక్‌పోస్టు) వదిలేయండి, ఎక్కువగా సావనీర్ షాపులే. బెర్నవర్ స్ట్రాస్సె అనే వీధిలో ఉన్న గోడ స్మారకం ఉచితం, గోడ ముక్కా దాని వెనక కాపలా కాసే ఖాళీ జాగా ఉన్నవి ఉన్నట్టు ఉంచారు, ఎదురుగా టవరెక్కి పై నుంచి చూడొచ్చు. 1961లో గోడ కట్టినప్పుడు ఆ వీధి ఇళ్లు తూర్పు బెర్లిన్‌లో, ఫుట్‌పాత్ పశ్చిమ బెర్లిన్‌లో ఉండేవి, జనం తప్పించుకోవడానికి కిటికీల్లోంచి దూకారు.

టికెట్ల సంగతి: డాయిచ్‌లాండ్ టికెట్ 2023లో 49 యూరోలకి మొదలై 2025లో 58 అయింది. లోకల్ రైళ్లు, బస్సులు, ట్రామ్‌లకి సరిపోతుంది, ఐసీఈ స్పీడ్ రైళ్లకి పనికిరాదు. ఇది నెలనెలా కట్ అయ్యే సబ్‌స్క్రిప్షన్, క్యాన్సిల్ చేయడం మర్చిపోకండి. మ్యూజియాలు చాలావరకు సోమవారం సెలవు. ఆదివారం కిరాణా షాపులు బంద్, పెద్ద స్టేషన్ల లోపలివి తెరిచే ఉంటాయి. బెర్లిన్‌లో రైచ్‌స్టాగ్ (జర్మన్ పార్లమెంటు భవనం) గోపురం ఎక్కడానికి డబ్బు కట్టక్కర్లేదు గానీ ఆన్‌లైన్‌లో ముందే పేర్లు నమోదు చేసుకోవాలి.