ఏటి ట్రౌటా, హేచరీ పిల్లా? ఇంటి అక్వేరియానికి ఏది మేలు?

ట్రౌట్ చల్లని ఏళ్లలో బతికే చేప; హేచరీ అంటే చేపపిల్లల్ని పుట్టించి పెంచే కేంద్రం. ముందు థర్మామీటర్ చూడండి. మామూలు ట్రాపికల్ (ఉష్ణమండల) చేపల ట్యాంకులో నీళ్లు 24 నుంచి 28 డిగ్రీల దాకా ఉంటాయి. ట్రౌట్‌లలో ఒక రకమైన రెయిన్‌బో ట్రౌట్ హాయిగా తిరిగేది 12–16 డిగ్రీల్లో. 20 దాటితే ఇబ్బంది పడుతుంది, 25 దగ్గరపడితే బతకడమే కష్టం. కాబట్టి గప్పీలు, టెట్రాల్లాంటి ట్రాపికల్ చేపల మధ్య ట్రౌట్‌ను వదలాలనే ఆలోచన ఇక్కడే కొట్టేయొచ్చు.

పైగా 10 డిగ్రీల నీళ్లు లీటరుకు 11 మిల్లీగ్రాముల పైచిలుకు ఆక్సిజన్ పట్టుకుంటే, 25 డిగ్రీల్లో అది 8 చిల్లరకు పడిపోతుంది. వేడెక్కేకొద్దీ చేపకు కావాల్సింది పెరుగుతుంది, దొరికేది తగ్గుతుంది. ఎయిర్ పంపు పెట్టినా నీళ్లు చల్లబడవు. ఏ ట్రౌట్ పెంచాలన్నా చిల్లర్ (నీళ్లను చల్లబరిచే యంత్రం) ఉండాల్సిందే.

చిల్లర్ ఉందనుకుందాం. ఇప్పుడు ఏటిలో పట్టిందా, హేచరీ పిల్లా?

ఏటి చేప అందం వేరు, ఒప్పుకుంటాను. బ్రౌన్ ట్రౌట్ ఒంటి మీది ఎర్ర చుక్కలు గాజు వెనక చూస్తే కళ్లు తిప్పుకోలేం. కానీ అది కొన్నాళ్లు రాయి చాటునే ఉంటుంది, మొప్పలు గబగబా కొట్టుకుంటుంటాయి. ఉలిక్కిపడ్డప్పుడల్లా గాజుకు గుద్దుకుని ముక్కు చెక్కుకుపోతుంది. గుళికల మేత ముక్కు ముందు నుంచే అడుక్కి జారిపోతున్నా తిండని దానికి తెలియదు. ప్రవాహంలో కొట్టుకొచ్చే వానపాముకో పురుగుకో అయితే నోరు తెరుస్తుంది. మెల్లగా గుళికలకు అలవాటుపడేవీ ఉన్నాయి, పస్తులుండి చిక్కిపోయేవీ ఉన్నాయి. హేచరీ పిల్లకు ఈ తంటా లేదు. ఈదడం మొదలెట్టినప్పటి నుంచీ గుళికలే తింటూ పెరిగింది, మనిషి నీడ పడితే పైకి వస్తుంది.

రోగాల లెక్కలోనూ హేచరీదే పైచేయి. అక్కడ రోగాలు రావని కాదు, పేరున్న చోట చేపల్ని పరీక్షించే ఇస్తారు. ఏటి చేప మొప్పల మీద సాల్మిన్‌కోలా అనే పరాన్నజీవి తెల్ల గింజల్లా అతుక్కుని ఉండొచ్చు, ఒంటిమీద చేప పేను ఉండొచ్చు. విడి ట్యాంకులో కొన్ని వారాలు ఉంచకుండా కలిపితే మిగతా చేపలకూ అంటుతుంది. చట్టం సంగతి సరేసరి: గాలం వేసే లైసెన్సు ఉన్నంత మాత్రాన చేపను ప్రాణాలతో ఇంటికి తీసుకెళ్లే హక్కు చాలా చోట్ల ఉండదు. విసుగొస్తే తిరిగి ఏట్లో వదిలేద్దామన్నా కుదరదు. ట్యాంకులో అంటిన రోగం ఏరంతా పాకుతుంది.

ఏ ట్రౌట్ అయినా సరే, మూతలో సందు ఉండకూడదు. ఫిల్టర్ పైపు కోసం కోసిన చిన్న ఖాళీ చాలు, తెల్లారేసరికి నేల మీద పడి ఉంటుంది.

ఇక తోడు చేపల మాట. చల్లనీళ్లు పడతాయి కదా అని గోల్డ్‌ఫిష్‌ను జత చేస్తుంటారు. నాకైతే నచ్చదు. ట్రౌట్ నోట్లో పట్టేంత చిన్నదైతే అది మేతే; పెద్దదైతే తిండి దగ్గర ట్రౌట్ వేగాన్ని అందుకోలేక వెనకబడుతుంది, పైగా దాని వ్యర్థం ఎక్కువ. అమ్మోనియాను తినే బ్యాక్టీరియా చల్లనీళ్లలో మందకొడిగా పెరుగుతుంది కాబట్టి ఫిల్టర్‌కు అది రెట్టింపు భారం. రెండు ట్రౌట్‌లు కలిపినా చోటు కోసం కొట్లాటే, చిన్నదాని తోక రెక్క చిరిగిపోతుంది. నా ఓటు హేచరీ ట్రౌట్‌కు, అదీ వేరే జాతుల్లేని పెద్ద ట్యాంకులో. చేతివేలంత పిల్లను చూసి ట్యాంకు కొనకండి, అది మూరెడు పెరుగుతుంది.

కావాల్సింది ట్రౌట్ కాదు, ఇంట్లో ఒక సెలయేరు అంటారా? అయితే వైట్ క్లౌడ్ మిన్నోలు, హిల్‌స్ట్రీమ్ లోచ్‌లు అనే చిన్న చేపలు మేలు. 20 డిగ్రీల చుట్టూ రెండూ సుఖంగా ఉంటాయి, గది చల్లగా ఉంటే చిల్లర్ కూడా అక్కర్లేదు. నీటి పంపును ఒక వైపుకు తిప్పి పెట్టండి: ధార మధ్యలో మిన్నోల గుంపు ఎదురీదుతుంటే, లోచ్‌లు రాళ్లకు కరుచుకుని నాచు గీకుతుంటాయి.