చిన్న కారులో సీటు, పెడల్స్ సెట్ చేయించాలనుకుంటున్నారా? కడపవాళ్లు ముందు ఇది చదవండి

చిన్న కారు నడుపుతూ "కాళ్లు పట్టేస్తున్నాయి, మోకాలు స్టీరింగ్‌కు తగుల్తోంది" అని కార్ డెకార్స్ షాపుకు వెళ్లే ఆలోచనలో ఉన్నవాళ్ల కోసం రాస్తున్నాను. మన ఊళ్లో 'కంఫర్ట్ కిట్' అని ఒకటి అంటగడుతున్నారు. సీటు కింద ఇనప ప్లేట్లు, పెడల్స్ మీద అల్యూమినియం కవర్లు, కింద 7డి మ్యాట్ అనే మందపాటి ఫ్లోర్ మ్యాట్, వీటితో పాటు క్లచ్ 'స్మూత్' చేయడం. అన్నీ కలిపి నా దగ్గర తొమ్మిది వేలు తీసుకున్నారు. అందులో ఇప్పుడు కారులో మిగిలింది వెనక సీటు దగ్గర పరిచిన మ్యాట్ ముక్క ఒక్కటే. మిగతావన్నీ పీకించడానికి మళ్లీ డబ్బులు పెట్టాల్సి వచ్చింది.

షాపు పేరు రాయడం లేదు. ఫిర్యాదు ఇంకా నడుస్తోంది. పైగా ఇదే కిట్టును, ఇవే మాటలతో, ఇంకా రెండు మూడు చోట్ల అమ్ముతున్నారని తెలిసింది.

నా ఎత్తు ఐదడుగుల పదకొండు అంగుళాలు. కారు 2020 మోడల్ చిన్న హ్యాచ్‌బ్యాక్. పనిమీద తరచూ రాయచోటికి వెళ్లొస్తుంటాను. గువ్వలచెరువు ఘాట్ దిగి కడపలోకి వచ్చేసరికి కుడి పిక్క, ఎడమ మోకాలు రెండూ పట్టేసేవి. నిజానికి ఇది కొంతవరకు చిన్న కార్లన్నిట్లో ఉండేదే. మన దగ్గర స్టీరింగ్ కుడివైపు. ముందు చక్రం గూడు డ్రైవర్ కాళ్ల దగ్గరికి చొచ్చుకొస్తుంది కాబట్టి పెడల్స్‌ను కాస్త ఎడమకు, అంటే కారు మధ్యలోకి జరిపి బిగిస్తారు. నడుము నేరుగా ఉంటుంది, కాళ్లు వారగా పోతాయి. క్లచ్‌కూ మధ్యలో ఉండే కన్సోల్‌కూ నడుమ ఎడమ పాదం ఆనించుకోవడానికి జాగా దొరకదు. ఆల్టో, క్విడ్ తరహా కార్లలో సీటు ఎత్తు మార్చుకునే ఏర్పాటు మామూలుగా ఉండదు. స్టీరింగ్‌ను పైకీ కిందికీ జరుపుకునే సౌకర్యం కూడా చిన్న కార్ల కింది వేరియంట్లలో చాలావాటికి ఇవ్వరు. ఈ ఇబ్బంది నిజం కాబట్టే వాళ్ల వ్యాపారం నడుస్తోంది.

షాపతను సీటు వెనక్కి లాగి చూపించి, "ఇంతే పోతాదన్నా, కంపెనీవోళ్లే ఇంతకు ఇచ్చినారు. ప్లేట్లు ఏస్తే రెండంగుళాలు యెనక్కి పోతాది, ఎత్తూ వస్తాది. ఏం కాదు, ఊళ్లో అందరూ ఏపించుకుంటాండారు" అన్నాడు. ఎత్తు సంగతి వదిలేయండి. పొడుగు మనిషికి సీటు ఎత్తితే మోకాలు స్టీరింగ్‌కు ఇంకా దగ్గరవుతుంది, తల రూఫ్‌కు తగుల్తుంది. అంటే నాకు అక్కర్లేని దానికి కూడా డబ్బులు తీసుకున్నాడు. కానీ అసలు ప్రమాదం బోల్టుల్లో ఉంది.

సీటు పట్టాలను ఫ్లోర్‌కు కంపెనీవాళ్లు గట్టి ఉక్కు బోల్టులతో బిగిస్తారు. మధ్యలో ప్లేటు పెడితే ఆ బోల్టుల పొడవు సరిపోదు. అందుకని షాపులో పాతవి పక్కన పడేసి పొడుగ్గా ఉన్నవి వేశారు. తర్వాత మా మెకానిక్ సీటు విప్పి, షాపువాళ్ల బోల్టును, పక్క సీటుకు ఉన్న కంపెనీ బోల్టును నా అరచేతిలో పెట్టాడు. కంపెనీదాని తల మీద 10.9 అని చెక్కి ఉంది. షాపువాళ్లదాని తల నున్నగా ఉంది, ఏ అంకే లేదు, మరలో అప్పటికే తుప్పు మొదలైంది, పొడవు ఎక్కువైనచోట వాషర్లు ఒకదానిమీద ఒకటి మూడు పేర్చారు. తల మీది అంకె బోల్టు ఎంత బలం తట్టుకుంటుందో చెప్పే గ్రేడు. 8.8, 10.9 అంటే గట్టి రకం. గేట్లకు, రేకుల షెడ్లకు వాడే మామూలు బోల్టుకు 4.6 లాంటి అంకె ఉంటుంది, లేదా అసలు ఏమీ ఉండదు. సీటు బెల్టు బకిల్ సీటుకే బిగించి ఉండే కార్లలో, గుద్దుకున్నప్పుడు మనిషి ఊపు కూడా ఈ బోల్టుల మీదే పడుతుంది. నా కారులో సడన్ బ్రేక్ వేస్తే కింద నుంచి టక్కుమని చప్పుడు వచ్చేది, సీటు వెంట్రుకవాసి ముందుకు కదిలేది. షాపులో చెబితే "కొత్త కదా సార్, సెట్ అవుతాది" అన్నారు.

ఇంకొకటి. బిగించిన రోజు నుంచి బెల్టు పెట్టుకున్నా అలారం మోగుతూనే ఉంది. సీటు పైకి లేపినప్పుడు కింద వైరు లాక్కుపోయి కనెక్టర్ వదులైంది. ఫోన్ చేస్తే రమ్మని పిలిచి, బకిల్‌లో దోపే ఒక క్లిప్పు ఫ్రీగా చేతిలో పెట్టారు. "ఇది పెట్టండి సార్, ఇంక మోగదు." ఈ క్లిప్పులు అమ్మకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 మేలో ఐదు ఆన్‌లైన్ సైట్లకు ఆదేశాలిచ్చి తీసేయించింది. అలాంటిదాన్ని రిపేరు అని చేతిలో పెట్టారంటే పని ఎంత శ్రద్ధగా చేసి ఉంటారో మీరే ఊహించుకోండి. సీటు కింద పసుపు రంగు కనెక్టర్ కనిపిస్తే అది ఎయిర్‌బ్యాగ్‌కు సంబంధించినది, దాన్ని ఇలాంటి షాపుల్లో ముట్టుకోనివ్వకండి. ఇప్పుడొచ్చే చిన్న కార్లలో కూడా ఆరు ఎయిర్‌బ్యాగులవి ఉన్నాయి. సీటు పక్కన ఎయిర్‌బ్యాగ్ అని ట్యాగ్ ఉంటే ఆ కుట్టును కప్పేసే మందపాటి సీటు కవర్లు కూడా వద్దు.

పెడల్ కవర్లు చూడ్డానికి రేసు కారులా మెరుస్తాయి. అన్ని కార్లకూ సరిపోయే ఒకే సైజు కాబట్టి ఏ కారుకూ సరిగ్గా సరిపోవు. కింద రెండు చిన్న పట్టీలు, స్క్రూలతో బిగిస్తారు. బ్రేక్ మీది కవర్ కొన్నాళ్లకే వదులై కుడివైపుకు తిరిగింది. చిన్న కారులో బ్రేక్‌కూ యాక్సిలరేటర్‌కూ మధ్య దూరమే తక్కువ, దానికి ఈ అంచు తోడైంది. యాక్సిలరేటర్ మీది నుంచి పాదం తీసి బ్రేక్ మీదికి మార్చేటప్పుడు బూటు అంచు దాని కింద ఇరుక్కుంది. ఇర్కాన్ సర్కిల్ దాటాక బండ్లు లేనిచోట జరిగింది కాబట్టి సరిపోయింది. వాన తడి చెప్పులకు అల్యూమినియం జారుతుంది కూడా. ఇక మన కడప ఎండల్లో చెప్పులు విడిచి నడిపే అలవాటున్నవాళ్లు మధ్యాహ్నం ఎండలో నిలిపిన కారులో ఆ పెడల్ మీద కాలు పెట్టి చూస్తే వాళ్లే పీకేస్తారు. కంపెనీ ఇచ్చే నల్ల రబ్బరు ప్యాడ్ అరిగిపోతే అదే ప్యాడ్ స్పేర్ పార్ట్స్ షాపులో తక్కువ ధరకు దొరుకుతుంది. అంతకు మించి పెడల్‌కు ఏమీ అక్కర్లేదు.

మ్యాట్ గురించి ఎవరూ పట్టించుకోరు. నా కారులో పాత మ్యాట్ తీయకుండానే దాని మీద 7డి మ్యాట్ పరిచారు. పాత మ్యాట్‌ను ఫ్లోర్‌కు పట్టి ఉంచే కొక్కెం దాని కింద మూసుకుపోయింది. రెండు పొరల మందం వల్ల మడమ పైకి లేచి పిక్క నొప్పి ఇంకా పెరిగింది. పైగా యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కితే కింది అంచు మ్యాట్‌ను తాకేది. మ్యాట్ జరిగి యాక్సిలరేటర్‌ను పట్టేస్తోందనే కారణంతోనే టొయోటా 2009లో అమెరికాలో లక్షల కార్లను రీకాల్ చేసింది. ఇంజిన్ ఆపి, యాక్సిలరేటర్‌ను చేత్తో చివరిదాకా నొక్కి వదిలి చూడండి. ఎక్కడా తగలకుండా చటుక్కున వెనక్కి రావాలి.

అన్నిటికన్నా ఎక్కువ ఖర్చు తెచ్చింది క్లచ్. ఎడమ కాలు నొప్పి అంటే "కొంచెం నొక్కితే చాలు గేరు పడేట్టు చేస్తామన్నా" అని కేబుల్ నట్టు తిప్పి బిగించేశారు. ఊళ్లో తిరిగినప్పుడు బాగానే అనిపించింది. కేబుల్ క్లచ్‌లో పెడల్ పైన కొంచెం ఖాళీ కదలిక ఉండాలి, మన మెకానిక్కులు దాన్నే 'ప్లే' అంటారు. అది పోయేలా బిగిస్తే కాలు తీసినా క్లచ్ పూర్తిగా పట్టదు. గువ్వలచెరువు ఘాట్ ఎక్కుతున్నప్పుడు అది బయటపడింది. లారీ వెనక సెకండ్ గేరులో యాక్సిలరేటర్ ఇస్తే ఇంజిన్ గోల పెరుగుతోంది, బండి మాత్రం కదలడం లేదు. కాసేపటికి క్లచ్ కాలిన వాసన. వెనక బస్సు హారన్, పక్కన లోయ, కారులో అమ్మ. ఆ టెన్షన్ ఎవరికీ వద్దు. పక్కకు తీసి చల్లారనిచ్చి, పైన పాలకోవా అంగళ్ల దాకా మెల్లగా ఎక్కించాను. క్లచ్ ప్లేటు మార్చాల్సి వచ్చింది. దాని బిల్లు మొత్తం కిట్టు ఖరీదును దాటిపోయింది.

క్లచ్ బరువుగా ఉందంటే కేబుల్ పాతబడి ఉండొచ్చు, లేదా ప్లేటు అరిగి ఉండొచ్చు. ప్లేటు అరిగేకొద్దీ పెడల్ బాగా పైకి వచ్చాకే బండి కదులుతుంది, మోకాలు అంత పైకి లేపాల్సి వస్తుంది. కేబుల్ పాతబడి ఉంటే కొత్తది వేయిస్తే కొంత నొప్పి అక్కడే తగ్గొచ్చు.

ఇంతకీ నా సీటు ఎందుకు వెనక్కి పోలేదో తెలుసా? మెకానిక్ సీటు పూర్తిగా బయటికి తీస్తే పట్టా వెనక చివర ఒక రూపాయి బిళ్ల అడ్డంపడి, దాని చుట్టూ దుమ్ము, ఎప్పటిదో జిడ్డు కలిసి గట్టిపడి ఉంది. స్క్రూడ్రైవర్‌తో గీకి తీసి, పట్టా తుడిచి, కొద్దిగా గ్రీజు పెట్టాడు. సీటు ఇంకా రెండు గాట్లు వెనక్కి పోయింది. కంపెనీ బోల్టులు కొత్తవి తెప్పించి బిగించాడు. "కంపెనీవోళ్లే ఇంతకు ఇచ్చినారు" అన్న షాపతను పట్టాలోకి ఒక్కసారి టార్చి వేసి చూసిన పాపాన పోలేదు.

ఆ తర్వాత మెకానిక్ చెప్పినట్టు కూర్చోవడం మొదలుపెట్టాక నొప్పి చాలావరకు పోయింది. ముందు నడుమును సీటు మూలకు ఆనించి కూర్చోవాలి. ఎడమ కాలితో క్లచ్‌ను పూర్తిగా కిందికి నొక్కినప్పుడు కూడా మోకాలు కొద్దిగా వంగి ఉండాలి. సీటు అక్కడ ఆపి, తర్వాత వీపు భాగాన్ని సరిచేసుకోవాలి. భుజాలు సీటుకు ఆని ఉండగానే మణికట్టు స్టీరింగ్ పైఅంచు మీదికి చేరాలి. స్టీరింగ్ మధ్యభాగానికి, ఛాతీకి కనీసం 25 సెంటీమీటర్ల దూరం ఉండాలి, ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోవడానికి ఆ జాగా కావాలి. కుడి మడమ నేల మీదే ఉంచి పాదాన్ని తిప్పాలి. క్లచ్ అవసరం లేనప్పుడు ఎడమ పాదాన్ని దాని మీద ఆనించకుండా వెనక్కి లాగి నేల మీద పెట్టాలి. లావు అడుగున్న స్పోర్ట్స్ బూట్ల కన్నా పల్చటి అడుగున్నవి మేలు.

పొట్టిగా ఉన్నవాళ్లకు సమస్య వేరు. మెత్తటి స్పాంజి దిండు వేసుకుంటే బ్రేక్ పడినప్పుడు కిందికి జారి, బెల్టు పొట్ట మీదికి వస్తుంది. పల్చగా, గట్టిగా, కింద జారనిది తీసుకోవాలి. బెల్టు కింది పట్టీ తుంటి ఎముక మీదే ఉండేట్టు చూసుకోవాలి. వీపు వెనక మందపాటి కుషన్ కూడా మనిషిని స్టీరింగ్ మీదికి నెట్టేస్తుంది. కాళ్ల వైకల్యం ఉండి పెడల్స్ స్థానంలో చేతి కంట్రోల్స్ కావాల్సినవాళ్లు ఈ షాపుల జోలికే పోకండి. దానికి ఆర్టీవో అనుమతి, ఆర్సీలో నమోదు ఉండాలి, ఆ పద్ధతి వేరే ఉంది.

ఇక డబ్బుల సంగతి. నాకు బిల్లు ఇవ్వలేదు, తెల్ల చీటీ మీద అంకెలు రాసిచ్చారు. వెళ్లి అడిగితే "వాడిన సరుకు వాపసు తీసుకోం" అని గోడ మీది బోర్డు చూపించారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి కిందికే వస్తుంది. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకోకపోవడమూ అంతే. ఆ బోర్డు ఉన్నంత మాత్రాన వాళ్లు తప్పించుకోలేరు. నేను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి, ఫోన్‌పే స్క్రీన్‌షాట్, తెల్ల చీటీ, బోల్టుల ఫొటోలు పెట్టి ఫిర్యాదు రాయించాను. ఆ తర్వాత ప్లేట్లు, పెడల్ కవర్ల డబ్బులు తిరిగిచ్చారు. క్లచ్ ప్లేటు ఖర్చుకు మాత్రం "మాకేం సంబంధం" అంటున్నారు. దానికి జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తున్నాను. సరుకుకో పనికో చెల్లించింది ఐదు లక్షల లోపైతే అక్కడ ఫీజు లేదు, జరిగినప్పటి నుంచి రెండేళ్లలోపు వేయాలి. మెకానిక్ దగ్గర క్లచ్ ఎందుకు పోయిందో రాతపూర్వకంగా తీసుకోవడం మరవకండి, కమిషన్‌లో అడిగేది అదే.

ఇప్పటికే ఈ కిట్టు వేయించినవాళ్లు సీటు కిందికి టార్చి వేసి బోల్టు తలల మీద అంకె ఉందో లేదో ఈరోజే చూడండి. బ్రేక్ మీది కవర్‌ను చేత్తో పట్టి తిప్పండి, కదిలితే తీసేయండి. పాత బోల్టులు ఇమ్మంటే నాకు "తుక్కులో వేసేసినాం" అన్నారు. మీవి ఇంకా షాపులోనే ఉంటే ముందు అవి తెచ్చుకోండి.